మీటరు తీగలు ఎక్కడ పెట్టావు?

(జాతీయ విజ్ఞాన దినోత్సవం రోజున ఒక మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయంలో విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడొకరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. శ్రోతల్లో ఇంటర్, ఐటీఐ విద్యార్థులు, మోటారు మెకానిక్కులు, రైతులు ఉన్నారు.)

అందరికీ నమస్కారం.

ఇందాక నేను వచ్చేసరికి ఈ హాల్లో ఫ్యాన్లు ఆగిపోయి ఉన్నాయి. "కరెంటు పోయింది సార్, ఇప్పుడే వచ్చేస్తుంది" అన్నారు గ్రంథపాలకులు. అన్నట్టే వచ్చింది. సరే, ఆ మాట దగ్గరే మొదలుపెడదాం అనుకున్నాను. కరెంటు పోయింది, కరెంటు స్తంభం, కరెంటు బిల్లు, కరెంటు షాకు, కరెంటు ఆఫీసు... మన తెలుగులో ఈ ఒక్క అరువు మాట చేత ఎంత చాకిరీ చేయిస్తున్నామో చూడండి. రాత్రి స్విచ్చులన్నీ ఆపేసి పడుకున్నాం. పక్కింటివాళ్లు తలుపు తట్టి "మీకు కరెంటు ఉందా?" అని అడిగితే "ఉంది" అంటాం. నిజానికి లేదు. స్విచ్చులన్నీ ఆపి ఉన్నాయి కాబట్టి తీగల్లో ప్రవాహం లేదు. ఉన్నది వోల్టేజి.

తప్పు పట్టడానికి చెప్పడం లేదు. ఊళ్లో మాట ఊళ్లో పనికి సరిపోతుంది. పైగా ఒక విషయంలో మన రైతులు పాఠ్యపుస్తకం కంటే కచ్చితంగా మాట్లాడతారు. "లో వోల్టేజి, మోటారు ఎత్తుకోవడం లేదు" అంటారు. అందులో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు. అది ఎందుకు ఎత్తుకోదో కాసేపట్లో చూద్దాం.

ముందు లెక్క. ఒక వస్తువు రెండు చివరల మధ్య ఎన్ని వోల్టులున్నాయో, దాని గుండా ఎన్ని ఆంపియర్లు పోతున్నాయో తెలిస్తే చాలు. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం, ఓముల్లో. హెచ్చిస్తే సామర్థ్యం, వాట్లలో. ఈ రెండింటినీ కలిపితే మరో రెండు సూత్రాలు పుడతాయి. కరెంటు వర్గాన్ని నిరోధంతో హెచ్చించినా సామర్థ్యమే, వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగించినా సామర్థ్యమే. పిల్లలు దీనికి త్రిభుజం గీసి, కావలసిన అక్షరాన్ని వేలితో మూసి జవాబు చెబుతారు. ముప్పై ఏళ్లు ఇదే పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి అనే హక్కు నాకుంది. ఆ త్రిభుజంతో మార్కులు వస్తాయి. ప్లగ్గు ఎందుకు కాలిందో చెప్పమంటే మాత్రం దిక్కులు చూస్తారు.

నేనూ అలాగే చూశాను. మా నాన్నకు మోటారు వైండింగ్ షాపు ఉండేది. ఆయన చదువు ఐదో తరగతి. నేను పదో తరగతిలో ఓం నియమం నేర్చుకొని వచ్చి, షాపులో మీటరు తీసుకొని ఏదో కొలిచి, "నాన్నా, దీనికి ఇన్ని వోల్టులు" అన్నాను. ఆయన తల ఎత్తకుండానే "మీటరు తీగలు ఎక్కడ పెట్టావు?" అన్నాడు. నేను అంకె చెబుతున్నాను, ఆయన చోటు అడుగుతున్నాడు. వోల్టేజి అంటే ఒక చోట ఉండేది కాదు, రెండు చోట్ల మధ్య ఉండే తేడా అని ఆయనకు చేతుల్లో తెలుసు. నాకు అది నిజంగా తెలియడానికి ఎమ్మెస్సీ కూడా సరిపోలేదు. ఈ రోజు నేను చెప్పేదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఒక చిక్కు ప్రశ్న వేస్తాను, చేతులెత్తండి. నిరోధం పెరిగితే వేడి పెరుగుతుందా, తగ్గుతుందా? పెరుగుతుందనేవాళ్లు? సగం మంది. తగ్గుతుందనేవాళ్లు? మిగతా సగం. ఇద్దరి దగ్గరా సూత్రం ఉంది. ఒకరు కరెంటు వర్గం ఇంటూ నిరోధం అంటున్నారు, నిరోధం పైనుంది కాబట్టి వేడి పెరగాలి. మరొకరు వోల్టేజి వర్గం బై నిరోధం అంటున్నారు, నిరోధం కిందుంది కాబట్టి తగ్గాలి. రెండు సూత్రాలూ నిజమే. మరి ఎవరు తప్పు?

ఈ బోర్డు చూడండి. దీనిమీద రెండు పాత ఫిలమెంటు బల్బులున్నాయి, ఒకటి 40 వాట్లు, ఒకటి 100 వాట్లు. ఇవి దొరకడానికి మూడు కిరాణా దుకాణాలు తిరగాల్సి వచ్చింది. ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన, అంటే సమాంతరంగా కలిపాను. స్విచ్చి వేస్తున్నాను. ఏది ఎక్కువగా వెలుగుతోంది? వంద. ఇందులో వింత లేదు. ఇప్పుడు ఒకదాని వెనక ఒకటి, శ్రేణిలో కలుపుతాను... చూడండి. నలభై వెలుగుతోంది. వందలో తీగ కాస్త ఎర్రబడి ఊరుకుంది.

(సభలో కలకలం)

ఎందుకని? 230 వోల్టుల దగ్గర నలభై వాట్ల బల్బు నిరోధం దాదాపు 1,320 ఓములు, వంద వాట్లది 529. పక్కపక్కన ఉన్నప్పుడు రెండింటికీ వోల్టేజి ఒకటే. అప్పుడు నిరోధం తక్కువ ఉన్నది ఎక్కువ కరెంటు తీసుకొని ఎక్కువ వెలుగుతుంది. వెనక వెనక ఉన్నప్పుడు రెండింటికీ కరెంటు ఒకటే. అప్పుడు నిరోధం ఎక్కువ ఉన్నది ఎక్కువ వోల్టేజిని తనవైపు లాక్కుంటుంది. కాబట్టి నిరోధం పెరిగితే వేడి ఏమవుతుంది అనే ప్రశ్నకు ఏది మారకుండా ఉందో చెప్పనిదే జవాబు లేదు. సూత్రం ఎంచుకునే ముందు చేయాల్సిన పని అది.

ఇప్పుడు మీటరు పెడతాను. పెద్ద బల్బు రెండు చివరల మధ్య 36 వోల్టులు. చిన్నదాని మధ్య 192. ఇంటర్ పిల్లలు కాగితం మీద చేసి ఉంటారు కదా, మీకెంత వచ్చింది? చిన్నదానికి 164, పెద్దదానికి 66. మీ లెక్క తప్పు కాదు, కానీ మీటరూ అబద్ధం చెప్పడం లేదు. పెద్ద బల్బు సరిగ్గా వేడెక్కలేదు, కాబట్టి దాని నిరోధం 529 దాకా పెరగనే లేదు.

ఇది టంగ్‌స్టన్ తీగ గుణం. 60 వాట్ల బల్బు తీసుకోండి. 60ని 230తో భాగిస్తే 0.26 ఆంపియర్లు, దాన్నిబట్టి నిరోధం 880 ఓములు. అదే బల్బును హోల్డరులోంచి తీసి చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటరుతో చూస్తే అరవై, డెబ్భై ఓములు చూపిస్తుంది. మీటరు చెడిపోయిందని ఓ విద్యార్థి నా దగ్గరికి తెచ్చాడు కూడా. చెడిపోలేదు. వెలుగుతున్నప్పుడు ఆ తీగ దాదాపు 2,400 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది, నిరోధం పన్నెండు పద్నాలుగు రెట్లు పెరుగుతుంది. స్విచ్చి వేసిన మొదటి క్షణంలో ఆ అరవై వాట్ల బల్బు మూడున్నర ఆంపియర్ల దాకా లాగగలదు. మన చిన్నప్పటి బల్బులు చాలావరకు స్విచ్చి వేసినప్పుడే టప్పుమని పోవడానికి కారణం ఇదే. ఇస్త్రీ పెట్టెల్లో, గీజర్లలో వాడే నైక్రోమ్ తీగ ఇలా కాదు, వేడెక్కినా నిరోధం కొద్దిగానే మారుతుంది. అందుకే లెక్కలకు గీజరు సులువు.

ఇంత గొడవ ఉంటే ఓం అనే ఆయనకు ఆ నియమం అసలు ఎలా దొరికింది? గేయోర్గ్ సైమన్ ఓం 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు, సొంతంగా చదువుకొని పిల్లలకు తానే లెక్కలు నేర్పాడు. ఓం కొలోన్ నగరంలో బడిపంతులుగా పనిచేస్తూ తీగల మీద ప్రయోగాలు చేశాడు. మొదట ఆ కాలపు బ్యాటరీలు వాడాడు. అవి వాడుతుండగానే నీరసించిపోయేవి, వోల్టేజి నిలకడగా ఉండేది కాదు. తేడా తీగ వల్ల వచ్చిందా, బ్యాటరీ వల్ల వచ్చిందా తేల్చడం కష్టం. పోగెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త సలహా మీద బ్యాటరీ వదిలేసి, బిస్మత్, రాగి కలిపిన జంట తెచ్చాడు. రెండు అతుకుల వేడిలో తేడా ఉంటే అలాంటి జంటలో వోల్టేజి పుడుతుంది. ఒక అతుకును మరుగుతున్న నీటిలో, రెండోదాన్ని మంచులో ఉంచాడు. మరిగే నీరూ, కరిగే మంచూ తమ ఉష్ణోగ్రతను మార్చుకోవు కాబట్టి వాటి వల్ల పుట్టిన చిన్న వోల్టేజి కూడా కదలకుండా నిలబడింది. కరెంటును వేలాడే అయస్కాంత సూది మెలికతో కొలిచాడు. అలా రెండు చివరల మధ్య తేడాను ముందు స్థిరంగా పట్టుకున్నాడు, నియమం ఆ తరువాత దొరికింది. 1827లో పుస్తకం వేస్తే సొంత దేశంలో పెద్దగా ఎవరూ లెక్కచేయలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కాప్లీ పతకం ఇచ్చింది. సుమారు అప్పుడే ఇంగ్లండులో బీరు తయారుచేసే కుటుంబానికి చెందిన జేమ్స్ జౌల్, తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్నిబట్టి పెరుగుతుందని చూపించాడు. ఇక వాట్ల పేరున్న జేమ్స్ వాట్ 1819లోనే చనిపోయాడు, ఆయనకు ఓం నియమం తెలియనే తెలియదు.

సరే, ఇంటికి వద్దాం. గీజరు మీద 2,000 వాట్లు, 230 వోల్టులు అని రాసి ఉంటుంది. కరెంటు 8.7 ఆంపియర్లు, నిరోధం 26 ఓముల పైచిలుకు. ఇప్పుడు ఆ ప్లగ్గు సాకెట్‌లో వదులైంది, లేదా సాకెట్ లోపలి ఇత్తడి రేకు కిలుం పట్టింది. ఆ అతుకు దగ్గర అర ఓము నిరోధం కొత్తగా వచ్చి చేరిందనుకుందాం. ఎంత వేడి పుడుతుంది?

నా తరగతిలో ఒక కుర్రవాడు లేచి 230 వర్గాన్ని అరతో భాగించి "లక్షా అయిదు వేల ఎనిమిది వందల వాట్లు సార్" అన్నాడు. తరగతంతా నవ్వింది. నేను నవ్వలేదు, ఎందుకంటే ఆ తప్పు చాలా విలువైనది. మీటరు తీగలు ఎక్కడ పెట్టాడు? గోడలోని ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య. ఆ 230 వోల్టులు అతుకు రెండు చివరల మధ్య లేవు. అతుకు మధ్య ఉన్నది, దాని గుండా పోయే ఎనిమిదిన్నర ఆంపియర్లను అర ఓముతో హెచ్చిస్తే వచ్చేది మాత్రమే. నాలుగు వోల్టుల పైన. దాన్ని మళ్లీ ఎనిమిదిన్నరతో హెచ్చిస్తే దాదాపు 36 వాట్లు.

ముప్పై ఆరే కదా అనిపిస్తుంది. ఐటీఐ పిల్లలు చెప్పండి, మీరు వాడే సోల్డరింగ్ ఐరన్ ఎన్ని వాట్లు? ఇరవై ఐదు. ఇరవై ఐదు వాట్లు ఒక మొన మీద చేరితే సీసం కరుగుతోంది. ముప్పై ఆరు వాట్లు ఒక ప్లాస్టిక్ ప్లగ్గు లోపల చేరితే ఏం కావాలి? నల్లబడి, మెత్తబడి, స్నానాల గది బయట ఆ కాలిన వాసన వస్తుంది. ఇందులో ఇంకో మోసం ఉంది. అర ఓము అదనంగా చేరినందువల్ల మొత్తం కరెంటు 8.7 నుంచి 8.5కి తగ్గింది. ఫ్యూజు ఎందుకు పోతుంది? ఫ్యూజు బదులు పెట్టే ఎంసీబీ స్విచ్చి ఎందుకు పడుతుంది? వాటికి తెలిసేది కరెంటు ఎక్కువైందా లేదా అన్నది ఒక్కటే. వాటి కళ్లకు ఆ ఇంట్లో అంతా క్షేమం. "ఫ్యూజు పోలేదు కదా సార్, మరి ప్లగ్గు ఎలా కాలింది?" అని అడిగేవాళ్లకు జవాబు ఇదే. ప్లగ్గు ముట్టుకుంటే వేడిగా ఉందంటే సాకెట్ మార్చండి. వందో రెండు వందలో అవుతుంది.

ఇక లో వోల్టేజి. గీజరుకు 230 బదులు 180 వోల్టులు వస్తే ఎన్ని వాట్లు? చాలామంది వోల్టేజి ఎంత తగ్గితే వాట్లు అంతే తగ్గుతాయనుకొని పదిహేను వందలకు పైన చెబుతారు. వోల్టేజి తగ్గితే కరెంటు కూడా తగ్గుతుంది కదా! రెండుసార్లు దెబ్బ పడుతుంది. 180 వర్గాన్ని 26.45తో భాగించండి, 1,225 వాట్లు. వోల్టేజి అయిదో వంతు చిల్లర తగ్గితే వేడి అయిదింట రెండు వంతులు పోయింది. నీళ్లు కాగడం ఆలస్యమవుతుంది, అంతకు మించి ప్రమాదం లేదు.

మోటారు అలా ఊరుకోదు. ఇక్కడ నా లెక్కల త్రిభుజం కూడా చేతులెత్తేస్తుంది. తిరుగుతున్న మోటారు దగ్గర వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే వచ్చేది వైండింగ్ నిరోధం కాదు. మోటారు తిరుగుతున్నంతసేపూ తన లోపల ఎదురు వోల్టేజిని పుట్టించుకుంటూ, వచ్చే కరెంటును వెనక్కి నెడుతుంది. తిరగడమే దాని రక్షణ. నిలబడి ఉంటే ఆ ఎదురు ఉండదు, అయిదారు రెట్లు కరెంటు లోపలికి దూకుతుంది. మామూలుగా ఒక్క క్షణంలో అందుకొని తిరగడం మొదలుపెడుతుంది కాబట్టి సరిపోతోంది. వోల్టేజి చాలకపోతే తిరగడానికి కావలసిన బలం రాదు. నిలబడి మూలుగుతుంది. ఆ మూలుగు వింటున్నంతసేపూ వైండింగ్ ఉడుకుతోందని అర్థం. పోనీ తిరుగుతూ ఉండగా వోల్టేజి పడిపోయిందా, బోరులో నీళ్ల బరువు తగ్గదు కదా! అదే పని చేయడానికి కరెంటు ఎక్కువ లాగుతుంది. గీజరు పస్తుంటుంది, మోటారు అప్పు చేస్తుంది. మా నాన్న షాపుకు వేసవిలో వచ్చిన మోటార్లలో సగం ఈ అప్పులవే.

ఇందులో స్తంభం మీది తప్పు కొంత, మన తీగ తప్పు కొంత. ఇంటి వెనక వంద మీటర్ల దూరంలో బోరు, ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజు మోటారు. డబ్బు మిగులుతుందని ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేశారు. ఆ తీగ నిరోధం కిలోమీటరుకు 12.1 ఓములు. వంద మీటర్లంటే పోయేది వంద, వచ్చేది వంద, మొత్తం రెండు వందల మీటర్లు. ఈ రాకపోకల సంగతి మరిచిపోయే లెక్కలన్నీ సగానికి తప్పుతాయి. అంటే 2.4 ఓములు. మోటారు తిరిగేటప్పుడు 6 ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే తీగలో పోయేది పద్నాలుగున్నర వోల్టులు, పర్వాలేదు. ఎత్తుకునేటప్పుడు 30 ఆంపియర్లు కావాలి. అప్పుడు తీగ తినేది 72 వోల్టులు! ఇంటి దగ్గర 200 ఉంటే మోటారు దగ్గర మిగిలింది 128. కాస్త మొరటు లెక్కే, వోల్టేజి పడిన కొద్దీ కరెంటు కూడా కొంత తగ్గుతుంది, కానీ జరిగేది ఇదే. మీరు ఇంటి దగ్గర మీటరు పెట్టి చూస్తే 200 ఉంది, "వోల్టేజి బాగానే ఉంది, మోటారే చెడింది" అంటారు. మీటరు తీగలు ఎక్కడ పెట్టారు? బోరు దగ్గర పెట్టండి, అదీ స్విచ్చి వేసే క్షణంలో. నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగ వేసి ఉంటే నిరోధం ఒక ఓముకు దిగుతుంది, నష్టం ముప్పై వోల్టులకు తగ్గుతుంది. తీగ ధర ఎక్కువే. రెండు రీవైండింగ్‌ల ఖర్చుతో పోల్చి చూసుకోండి.

ట్యూబులైట్ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. రాగి చోకు ఉన్న పాత నలభై వాట్ల ట్యూబులైట్ 0.43 ఆంపియర్లు తీసుకుంటుంది. 230తో హెచ్చిస్తే 99. కానీ ఇంటి మీటరు లెక్కగట్టేది యాభై చిల్లర వాట్లే, ట్యూబుకు నలభై, చోకుకు పది పన్నెండు. మిగతా సగం ఏమైంది? చోకు ఆ శక్తిని ఒక క్షణం దాచుకొని మరుక్షణం తిరిగి పంపించేస్తోంది. వోల్టేజి, కరెంటు ఒకే అడుగు వేయనప్పుడు వాటి లబ్ధం వాట్లు కాదు. పవర్ ఫ్యాక్టర్ అనేది ఇదే, మోటార్లకు కెపాసిటర్లు పెట్టమని చెప్పేది దీనికోసమే. భాగించడం, హెచ్చించడం అచ్చంగా పనిచేసేది వేడిచేసే వస్తువుల దగ్గర, బ్యాటరీతో నడిచేవాటి దగ్గర.

శరీరం సంగతి అడగకుండా ఎవరూ వదలరు కాబట్టి నేనే చెబుతాను. తడి చేతులతో, చెప్పులు లేకుండా నిలబడితే మన నిరోధం వెయ్యి ఓములనుకుందాం. 230 వోల్టులు తగిలితే 0.23 ఆంపియర్లు, అంటే 230 మిల్లీఆంపియర్లు. పది దాటితే పట్టుకున్నది వదలలేం, వంద దాకా పోతే గుండె లయ తప్పుతుంది. ఇళ్లలో పెట్టే ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చి 30 మిల్లీఆంపియర్లు దారి తప్పి భూమిలోకి పోగానే ఆపేస్తుంది, పెట్టించుకోండి. ట్రాక్టరు బ్యాటరీకి వందల ఆంపియర్లు ఇచ్చే శక్తి ఉంది, దాని రెండు కొనలూ ఆరిన చేతులతో పట్టుకుంటే ఏమీ తెలియదు. 12 వోల్టులు మన చర్మం గుండా అంత కరెంటును నెట్టలేవు. అదే కొనల మీద స్పానరు పడితే? స్పానరు నిరోధం ఓములో వెయ్యో వంతు కూడా ఉండదు, నిప్పురవ్వలు లేస్తాయి. ఇక 11 కేవీ, అంటే పదకొండు వేల వోల్టుల లైను తీగ మీద వాలిన కాకి. తీగ కిలోమీటరుకు ఒక ఓము, కాకి కాళ్ల మధ్య దూరం అయిదు సెంటీమీటర్లు, తీగలో 50 ఆంపియర్లు అనుకోండి. కాళ్ల మధ్య వోల్టేజి రెండున్నర మిల్లీవోల్టులు. వేల వోల్టులు కాకికి, భూమికి మధ్య ఉన్నాయి, రెండు కాళ్ల మధ్య లేవు. రెక్క చాచి పక్క తీగనో స్తంభం మీది ఇనుప అడ్డకమ్మీనో తాకిందా, కథ మారిపోతుంది.

ఇన్ని చెబుతున్నాను కానీ నా చేతుల మీదుగా జరిగిన పని కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రయోగశాలలో మల్టీమీటరు మీటను ఆంపియర్ల గడిలో మరిచిపోయి, తీగలను సాకెట్‌లో గుచ్చాను. సాకెట్‌లో ఎన్ని ఆంపియర్లున్నాయో చూడాలన్నట్టు! ఆంపియర్ల గడిలో మీటరు నిరోధం దాదాపు సున్నా, అది దారిలో ఇమడడానికి చేసింది, రెండు చివరలకు అడ్డంగా పెట్టడానికి కాదు. 230ని సున్నాతో భాగిస్తే ఏం వస్తుందో ఆ రోజు విన్నాను. మీటరు నల్లబడింది, నా కనుబొమ్మలు మిగిలాయి. మా నాన్నకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఏమని అడిగేవాడో మీకు తెలుసు.

(నవ్వులు)

మీటరు కొనకుండానే వాట్లు కొలిచే దారి ఒకటుంది. ఇంటి ముందున్న ఎలక్ట్రానిక్ మీటరు మీద ఎర్రగా మినుకుమినుకుమనే దీపం ఉంటుంది. దాని పక్కన యూనిట్‌కు 3,200 అనో 1,600 అనో రాసి ఉంటుంది. అన్ని మినుకులకు ఒక యూనిట్. 3,200 అయితే ఒక్కో మినుకుకు 1,125 జౌళ్లు. సెకనుకు ఒక జౌలు అంటే ఒక వాటు. ఇంట్లో అన్నీ ఆపి ఫ్రిజ్ ఒక్కటే ఉంచి, నిమిషంలో ఎన్ని మినుకులో లెక్కపెట్టండి. ఎనిమిది వచ్చాయనుకోండి, 1,125ను ఎనిమిదితో హెచ్చించి అరవైతో భాగిస్తే 150 వాట్లు. పవర్ ఫ్యాక్టర్ గొడవ కూడా ఉండదు, ఆ మీటరు అసలు వాట్లనే కొలుస్తుంది.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(వెనక వరుస నుంచి ఒక రైతు: "సార్, మా ఇంట్లో హీటరు వేస్తే లైట్లు గుడ్డిగా అవుతాయి. తీగలో లోపమా, ట్రాన్స్‌ఫార్మర్‌లో లోపమా?")

మంచి ప్రశ్న అడిగారు పెద్దాయనా. దీనికి మీ ఇంట్లో నుంచి కదలకుండా, స్తంభం ఎక్కకుండా లెక్క కట్టవచ్చు. ఒక సాకెట్‌లో మల్టీమీటరు పెట్టండి, ఏసీ వోల్టుల గడిలో. హీటరును వేరే సాకెట్‌కు పెట్టండి. హీటరు ఆపి ఉన్నప్పుడు 228 ఉందనుకుందాం. హీటరు వేయగానే 222కి పడింది. హీటరు తీసుకునేది ఎనిమిదిన్నర ఆంపియర్లు. మీ వోల్టేజి 222 కదా అని 222ను భాగించకండి, అది హీటరు నిరోధం ఇస్తుంది. తగ్గిన ఆరు వోల్టులను ఎనిమిదిన్నరతో భాగించండి. 0.7 ఓములు. అది ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఆ రెండు సాకెట్ల దారులు విడిపోయే చోటు దాకా ఉన్న తీగలు, అతుకులు, ఫ్యూజులు అన్నింటి మొత్తం నిరోధం. మూడు నాలుగు సార్లు చేయండి, ఎందుకంటే పక్కింటివాళ్లు కూడా ఏదో ఒకటి వేస్తూ ఆపుతూ ఉంటారు. హీటరును కదపకుండా, మల్టీమీటరును మీటరు బోర్డుకు దగ్గరగా ఉన్న సాకెట్‌లో పెట్టి ఇదే కొలత మళ్లీ చేయండి. అక్కడ తేడా బాగా తగ్గిపోతే లోపం మీ ఇంటి వైరింగ్‌లో ఉంది. అక్కడా అంతే పడుతుంటే బయట ఉంది.

కొన్నేళ్ల కిందట మా ఇంట్లో ఇలాగే చేస్తే పాతిక వోల్టులు పడింది. ఎనిమిది ఆంపియర్లతో భాగిస్తే మూడు ఓములు. హెచ్చిస్తే రెండు వందల వాట్లు, ఎక్కడో ఒక చోట కాలుతూ ఉండాలి. ఇంట్లో ప్రతి ప్లగ్గూ, స్విచ్చీ, బోర్డూ ముట్టుకొని చూశాను, అన్నీ చల్లగా ఉన్నాయి. రాత్రి గీజరు వేయించి వీధిలోకి వెళ్లి స్తంభం వైపు చూశాను. పైన మా సర్వీసు తీగ లైను తీగను కలిసే చోట, బీడీ చివరంత ఎర్రటి చుక్క ఒకటి కనిపించింది. లోపలికి కేకేసి గీజరు ఆపమన్నాను. చుక్క మెల్లగా ఆరిపోయింది. పొద్దున్నే లైన్‌మన్‌ను పిలిచి ఆ అతుకు చూపించాను. "ఇక్కడే అని ఎలా చెప్పారు సార్?" అన్నాడాయన, ఎల్‌సీ, అంటే లైను ఆపి పనిచేసే అనుమతి, తీసుకొని నిచ్చెన వేస్తూ.